పేస్‌మేకర్ దగ్గర చిల్లు పడి నీరు కారుతుంటే: కుట్లు వేస్తే చాలదు, వైర్లతో సహా తీయించాలి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. నాన్నగారికి 69 ఏళ్లు, షుగర్ ఉంది. హార్ట్ బ్లాక్ (గుండెని కొట్టించే కరెంటు దారిలో అడ్డు) వచ్చి పదేళ్ల కిందట పేస్‌మేకర్ పెట్టారు. బ్యాటరీ అయిపోవస్తే అయిదు నెలల కిందట కొత్తది మార్చారు. రెండు నెలలుగా అక్కడ చర్మం ఎర్రబడుతోంది. యాంటీబయాటిక్ కోర్సు మూడుసార్లు వాడారు. వాడినన్నాళ్లూ తగ్గడం, ఆపగానే మళ్లీ మొదలవడం. ఇప్పుడు కుట్టు పక్కన సన్నటి చిల్లు పడి నీళ్లలాగా కారుతోంది. జ్వరం లేదు. మీ ఊళ్లో సర్జన్ గారు శుభ్రం చేసి మళ్లీ కుట్లు వేద్దాం అన్నారు. కార్డియాలజిస్టు గారేమో మొత్తం తీసేయాలి, పెద్ద సెంటర్‌కి వెళ్లండి అన్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

కార్డియాలజిస్టు గారి మాట వినండి. నెలాఖరు దాకా కాదు, ఈ వారంలోనే బయల్దేరండి. నేను పేస్‌మేకర్లు, ఐసీడీలు (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరాలు) పెట్టే పనిలో, ఇన్‌ఫెక్షన్ వచ్చినవాటిని తీసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్న కార్డియాలజిస్టుని. రిపోర్టులు చూడకుండా నెట్‌లో ఎవరికీ మందులు చెప్పను. కానీ ఈ ఒక్క విషయంలో రిపోర్టులు చూడకుండానే చెప్పగలను. పేస్‌మేకర్ మీద చర్మానికి చిల్లు పడిందంటే అది ఇన్‌ఫెక్షనే. చీము కనిపించినా, కనిపించకపోయినా, జ్వరం ఉన్నా, లేకపోయినా అంతే. బ్యాటరీ, వైర్లు మొత్తం బయటికి రావాలి. ఈ విషయంలో అమెరికా, యూరప్ గుండె వైద్య సంఘాల మార్గదర్శకాలన్నీ ఒకే మాట చెబుతాయి.

ఎందుకు అన్నది కాస్త వివరంగా చెబుతాను. ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్లు "ఇంత చిన్న పుండుకి అంత పెద్ద ఆపరేషనా" అంటారు. వాళ్లకి మీరే సమాధానం చెప్పాల్సి వస్తుంది.

ఈ ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువ భాగం స్టెఫైలోకాకస్ జాతి బ్యాక్టీరియా వల్ల వస్తాయి. ఇవి మన చర్మం మీద ఎప్పుడూ ఉండేవే. చర్మం మీద ఉన్నంతకాలం ఏమీ చేయవు. ఆపరేషన్ సమయంలో ఒకటీ అరా లోపలికి వెళ్లి లోహానికో, వైరు పైనున్న సిలికాన్ తొడుగుకో అతుక్కుంటే మాత్రం అక్కడే కాపురం పెడతాయి. కొన్నాళ్లకు తమ చుట్టూ ఒక జిగురు పొర అల్లుకుంటాయి. దాన్నే బయోఫిల్మ్ అంటాం. మేడమీద నీళ్ల ట్యాంకు లోపలి గోడకు పట్టే పాకుడు చూసే ఉంటారు, నీళ్లు మార్చినంత మాత్రాన పోదు. ఇదీ అంతే. మాత్ర వేసుకుంటే మందు రక్తంలో తిరిగి, పొర బయట ఉన్న బ్యాక్టీరియాని చంపుతుంది. అందుకే ఎరుపు తగ్గుతుంది. పొర లోపల ఉన్నవి బతికే ఉంటాయి. మందు ఆపగానే మళ్లీ పెరుగుతాయి. మీ నాన్నగారికి మూడుసార్లు జరిగింది సరిగ్గా ఇదే. మందు పనిచేయలేదని కాదు, అది చేరలేని చోట శత్రువు కూర్చుని ఉన్నాడు.

అలాంటి పాకెట్, అంటే చర్మం కింద బ్యాటరీ పెట్టిన చోటు, తెరిచినప్పుడు ఏం కనిపిస్తుందో చెబితే ఇంకా బాగా అర్థమవుతుంది. బ్యాటరీ చుట్టూ శరీరం ఏళ్ల తరబడి ఒక తెల్లటి గట్టి సంచి కడుతుంది. కత్తితో కోస్తే తోలు కోసినట్టు ఉంటుంది, రక్తం కూడా పెద్దగా రాదు. రక్తం రాని చోటికి మందు గానీ, రోగంతో పోరాడే తెల్లకణాలు గానీ ఏం చేరతాయి? సంచి లోపల బకెట్లకొద్దీ చీము ఉంటుందనుకోకండి. చాలాసార్లు స్పూను, రెండు స్పూన్లు మసక నీరు, బ్యాటరీ వెనకాల చుట్టలు చుట్టి పెట్టిన వైర్ల మధ్య జిగటగా పట్టిన పసుప్పచ్చ పదార్థం, అంతే. పైనుంచి చూస్తే గుండుసూది మొనంత చిల్లు, లోపల మాత్రం ఆ జిగట వైరు వెంట మెడ కింద అడ్డంగా ఉండే ఎముక కిందికి వెళ్లిపోతూ ఉంటుంది. ఆ వైరు రెండో కొస గుండె లోపల ఉంది. మధ్యలో ఏ తలుపూ లేదు.

కాబట్టి పైన శుభ్రం చేసి కుట్టేస్తే, బ్యాక్టీరియాని లోపలే ఉంచి బయటికి రావడానికి ఉన్న ఒక్క దారిని మూసేసినట్టు అవుతుంది. బ్యాటరీ ఒక్కటే తీసి, వైర్లు కత్తిరించి లోపల వదిలేయడం ఇంకా చెడ్డ పని. తర్వాత తీసేవాళ్లకి పట్టుకోవడానికి కొస కూడా దొరకదు. దయచేసి ఎవరు చెప్పినా దీనికి ఒప్పుకోకండి.

ఇంకో మాట. వాపు ఉంది కదా, సూదితో లాగి పరీక్షకి పంపుదాం అని ఎవరైనా అంటే వద్దని చెప్పండి. ఆపరేషన్ తర్వాత తొలి రోజుల్లో వచ్చే వాపు చాలాసార్లు గడ్డకట్టిన రక్తమే. శుభ్రంగా ఉన్న ఆ రక్తంలోకి సూదే బ్యాక్టీరియాని తీసుకెళుతుంది. పైగా సూది వైరు తొడుగుకు తగిలితే అదొక నష్టం.

తీయనక్కర్లేని సందర్భం ఒకటుంది, అదీ చెప్పాలి. ఆపరేషన్ అయిన తొలి నెలలో కుట్టు దగ్గర మాత్రమే, చర్మం పైపొరలోనే, చిన్న ఎరుపో కురుపో వస్తే వారం పది రోజుల మందుతో, జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉంటే చాలు. మీ నాన్నగారిది ఆ దశ కాదు. అయిదు నెలలైంది, చిల్లు పడింది.

బ్యాటరీ మార్చడం చిన్న పనే కదా, దానికి ఇంత ఇన్‌ఫెక్షన్ ఎందుకొచ్చింది అని కూడా అడిగారు. చూడటానికి చిన్న పనే, అరగంటలో అయిపోతుంది. కానీ మొదటిసారి పెట్టినప్పటికంటే బ్యాటరీ మార్చినప్పుడే ఇన్‌ఫెక్షన్ అవకాశం ఎక్కువ. ఇందాక చెప్పిన తోలు సంచిని మళ్లీ తెరుస్తాం, పాత వైర్ల మీద అప్పటికే కాసిని బ్యాక్టీరియా నిద్రపోతూ ఉండొచ్చు. దానికి షుగర్ తోడైతే, కిడ్నీ జబ్బు తోడైతే, స్టెరాయిడ్లు వాడుతుంటే అవకాశం ఇంకా పెరుగుతుంది. అన్నిటికంటే ఎక్కువగా నన్ను భయపెట్టేది పాకెట్‌లో రక్తం గడ్డకట్టడం. బ్లడ్ థిన్నర్లు వాడేవాళ్లలో ఇది ఎక్కువ. పాత పద్ధతిలో ఆపరేషన్‌కి ముందు వార్ఫరిన్ మాత్ర ఆపి హెపారిన్ ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లం. 2013లో కెనడా వైద్యులు ప్రచురించిన బ్రూయిజ్ కంట్రోల్ అనే పరిశోధనలో, అలా ఇంజెక్షన్లకు మార్చినవాళ్లలో 16 శాతం మందికి పెద్ద రక్తపు గడ్డ వచ్చింది, మాత్ర ఆపకుండా ఆపరేషన్ చేసినవాళ్లలో 3.5 శాతానికే వచ్చింది. గడ్డ వచ్చినవాళ్లలో తర్వాత ఏడాదిలో ఇన్‌ఫెక్షన్లు ఎన్నో రెట్లు ఎక్కువ కనిపించాయి. మీ నాన్నగారికి మార్పిడి అయిన వారంలో అక్కడ నల్లగా కమిలి ఉబ్బిందా? ఉంటే కొత్త డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

ఇక జ్వరం సంగతి. "జ్వరం లేదు కాబట్టి ఫరవాలేదు కదా" అని రాశారు. పాకెట్ ఇన్‌ఫెక్షన్లలో చాలామందికి జ్వరం రాదు. వచ్చిందంటే రక్తంలోకి పాకిందేమో అని అనుమానించాలి. దీనికి తిరగబడిన సందర్భం కూడా ఉంది, ఇది చదివే అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది. పాకెట్ పైకి నున్నగా, చక్కగా ఉంటుంది, లోపల వైరు మీద మాత్రం ఇన్‌ఫెక్షన్ ఉంటుంది. మనిషికి జ్వరం వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. మన ఊళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. వైడాల్ అనే రక్త పరీక్ష చేస్తారు, టైఫాయిడ్ అంటారు, అయిదు రోజులు సెలైన్, ఇంజెక్షన్లు. జ్వరం తగ్గుతుంది, ఇంటికెళతారు. మూడు వారాలకు మళ్లీ అదే కథ. ఇలా నాలుగుసార్లు "టైఫాయిడ్" వచ్చిన ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చేసరికి దగ్గు, ఆయాసం మొదలయ్యాయి. సీటీలో రెండు ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న గుండ్రటి మచ్చలు. టీబీ మందులు మొదలుపెట్టబోతున్నారు. వైరు మీద పేరుకున్న గడ్డ నుంచి ముక్కలు తెగి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన గుర్తులవి. ఆయన చొక్కా గుండీలు విప్పి పేస్‌మేకర్ ఉన్న చోటు చూసి, దీనికీ జ్వరానికీ సంబంధం ఉందేమో అని అంతవరకూ ఎవరూ అడగలేదు. నడుం నొప్పి రూపంలో కూడా బయటపడొచ్చు, రక్తంలోని బ్యాక్టీరియా వెన్నుపూసల మధ్య చేరితే అలా అవుతుంది. అందుకే పేస్‌మేకర్ గానీ, ఐసీడీ గానీ ఉన్నవాళ్లకి కారణం తెలియని జ్వరం వస్తే యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష) తీయించాలి. ఒకటి కాదు, వేర్వేరు చోట్ల నుంచి కనీసం రెండు, వీలైతే మూడు సెట్లు. మందు పడ్డాక తీస్తే బ్యాక్టీరియా పెరగక రిపోర్టు శుభ్రంగా వస్తుంది, అందరూ మోసపోతారు.

నాన్నగారు ఇప్పుడు ఏదైనా యాంటీబయాటిక్ వాడుతుంటే దాని పేరు, ఎప్పటినుంచో కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. కొత్తది మాత్రం కల్చర్ తీయకుండా మొదలుపెట్టొద్దు. అక్కడ గొంతులోంచి గొట్టం వేసి చేసే ఎకో చేస్తారు, దాన్ని టీఈఈ అంటారు. ఛాతీ మీద చేసే మామూలు ఎకోలో కనపడని చిన్న గడ్డలు అందులో కనపడతాయి. అది కూడా బాగానే ఉందని వచ్చినా, కల్చర్‌లో ఏమీ పెరగకపోయినా, చిల్లు పడ్డాక తీయడం తప్పదు. ఆ పరీక్షలు చేసేది తీయాలా వద్దా అని తేల్చడానికి కాదు. ఎన్నాళ్లు మందు వాడాలి, కొత్తది ఎప్పుడు పెట్టాలి అని తేల్చడానికి.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో అంకెల్లో చెప్పమంటే, 2022లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం ఉంది. అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్‌లో ఉన్న వృద్ధుల్లో, ఇలాంటి పరికరాలు ఉండి వాటికి ఇన్‌ఫెక్షన్ వచ్చిన పదకొండు వేల మందికి పైగా వివరాలు చూశారు. వాళ్లలో పరికరం తీయించుకున్నది సుమారు 18 శాతమే. తీయించుకున్నవాళ్లలో ఏడాదిలోపు మరణాలు తక్కువ, మొదటి ఆరు రోజుల్లోపే తీయించుకున్నవాళ్లలో ఇంకా తక్కువ. అంత ఖరీదైన వైద్యం ఉన్న దేశంలోనూ అయిదుగురిలో నలుగురికి సమయానికి సరైన పని జరగలేదు. మన దగ్గర జరగకపోవడానికి కారణాలు ఇంకా ఎక్కువ. మీకు మొదటి మాటలోనే సరైన సలహా ఇచ్చిన డాక్టరు దొరికారు, అది వదులుకోకండి.

ఇప్పుడు మీ అసలు భయం: తీయడంలో ప్రాణాపాయం ఉంటుందా? ఉంది, దాచను. పెట్టిన ఏడాదిలోపు వైర్లయితే చాలాసార్లు తేలిగ్గా లాగితే వచ్చేస్తాయి. మీ నాన్నగారివి పదేళ్లవి. ఇన్నేళ్లలో శరీరం వాటిని అక్కడక్కడా రక్తనాళం గోడకు, గుండె కండకు అతికించేసి ఉంటుంది. వైరు లోపలికి ఒక సన్నటి తీగ పంపి కొస దాకా గట్టిగా పట్టుకుంటారు. వైరు మీదుగా ఒక గొట్టం పంపుతారు, దాని మొన లేజర్‌తోనో, తిరిగే పళ్లతోనో ఆ అతుకుల్ని కొద్దికొద్దిగా విడదీస్తూ ముందుకెళుతుంది. కష్టమంతా పై నుంచి గుండెలోకి వచ్చే పెద్ద సిర దగ్గర ఉంటుంది. దాని గోడ పలచన. అక్కడ చిరిగితే నిమిషాల్లో ఛాతీ తెరిచి కుట్టాలి. యూరప్‌లో 3,500 మందికి పైగా రోగులతో చేసిన ఎలెక్ట్రా రిజిస్ట్రీలో పెద్ద ఇబ్బందులు 1.7 శాతం, ఆ ప్రక్రియ వల్ల మరణాలు 0.5 శాతం. అంటే వెయ్యిమందిలో అయిదుగురు. తీయకుండా వదిలేస్తే ఉండే అపాయంతో పోలిస్తే ఇది చాలా తక్కువ. అయితే ఆ లెక్క ఈ పని తరచుగా చేసే చేతులది. అందుకే పేస్‌మేకర్ పెట్టే ప్రతి ఆసుపత్రిలోనూ తీయించుకోకూడదు.

ఫోన్ చేసినప్పుడు సిగ్గుపడకుండా అడగండి. మీ దగ్గర పాత వైర్లు తీసే పని ఎంత తరచుగా జరుగుతుంది? లేజర్ గానీ, తిరిగే గొట్టం గానీ ఉందా? తీసేటప్పుడు గుండె ఆపరేషన్ సర్జన్, మత్తు డాక్టరు అక్కడే సిద్ధంగా ఉంటారా? ఈ మూడో ప్రశ్నకి "అవసరమైతే పిలుస్తాం" అని జవాబొస్తే ఇంకో చోటు చూసుకోండి. చిరిగినప్పుడు పిలిస్తే వచ్చేంత టైం ఉండదు. డబ్బు సంగతి కూడా ముందే తేల్చుకోండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని కలిసి తీయడానికి, కొత్తది పెట్టడానికి దేనికెంత వర్తిస్తుందో విడివిడిగా అడగండి. ప్రైవేటు బీమా అయితే మొదటి ఇంప్లాంట్ కాగితాలు, పేస్‌మేకర్ కార్డు తప్పక కావాలి. ఆ కార్డులో వైర్ల మోడల్ నంబర్లు ఉంటాయి, తీసేవాళ్లకి అవి చాలా ముఖ్యం.

తీశాక గుండె ఎలా కొట్టుకుంటుందన్నది మీ అమ్మగారి ప్రశ్న కదా. ముందు పేస్‌మేకర్‌ని చెక్ చేసి, దాని సాయం లేకుండా గుండె ఎంత కొట్టుకుంటోందో చూస్తారు. కొంతమందికి అసలు మళ్లీ పెట్టాల్సిన అవసరమే ఉండదని అప్పుడు తేలుతుంది. హార్ట్ బ్లాక్ కాబట్టి నాన్నగారికి బహుశా అవసరమే. అలాంటప్పుడు మెడలోని సిర ద్వారా తాత్కాలికంగా ఒక స్క్రూ వైరు పెట్టి, బ్యాటరీని చర్మం బయటే అతికిస్తారు. దాంతో మంచం దిగి నడవొచ్చు, బాత్రూమ్‌కి వెళ్లొచ్చు. ఇన్‌ఫెక్షన్ పాకెట్ వరకే ఉంటే తీసిన తర్వాత 10 నుంచి 14 రోజులు మందు. వైర్ల మీదో, కవాటాల మీదో గడ్డలుంటే నాలుగు నుంచి ఆరు వారాలు, అదీ సిరలోకి ఇచ్చే ఇంజెక్షన్లే. తీసిన తర్వాత చేసే బ్లడ్ కల్చర్లలో కనీసం 72 గంటలు ఏమీ పెరగకపోతే కొత్తది పెట్టొచ్చు, కవాటానికి పట్టి ఉంటే రెండు వారాలు ఆగుతారు. కొత్తది అదే వైపు పెట్టరు, రెండో వైపు పెడతారు. వైర్లే లేకుండా గుండె లోపలే ఉండిపోయే చిన్న పేస్‌మేకర్లు కూడా ఇప్పుడు వచ్చాయి. వాటికి పాకెట్ ఉండదు కాబట్టి ఇన్‌ఫెక్షన్ చాలా అరుదు. ఖరీదు ఎక్కువ, అందరికీ సరిపోవు. కానీ ఒకసారి ఇన్‌ఫెక్షన్ వచ్చిన షుగర్ రోగికి పనికొస్తుందా అని అడగడం సబబే.

ఇంట్లో ధైర్యం చెప్పడానికి ఒక విషయం. ప్రపంచంలో శరీరం లోపల మొట్టమొదటి పేస్‌మేకర్ పెట్టించుకున్న స్వీడన్ మనిషి ఆర్నె లార్షన్. 1958 అక్టోబరులో స్టాక్‌హోమ్ దగ్గర కరోలిన్స్కా ఆసుపత్రిలో పెట్టారు. మొదటిది కొన్ని గంటలే పనిచేసింది. తర్వాత జీవితంలో ఆయనకి ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చారు. 2001 దాకా, 86 ఏళ్లు బతికారు. తీయడం, మళ్లీ పెట్టడం అన్నది జీవితానికి అడ్డు కాదు.

కొత్తది పెట్టేటప్పుడు మీరు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. షుగర్ అదుపులో ఉండాలి. ఆ రోజు ఒళ్లు వెచ్చగా ఉన్నా చెప్పండి, వాయిదా వేస్తారు. ఛాతీ మీద వెంట్రుకలు బ్లేడుతో ఇంట్లో గీయించకండి, ఆ గాట్లలోనే బ్యాక్టీరియా చేరుతుంది. క్లిప్పర్‌తో ఆసుపత్రిలో తీస్తారు. కోతకి ముందు గంటలోపు సిరలోకి ఒక యాంటీబయాటిక్ డోసు పడాలి. 2009లో బ్రెజిల్‌లో జరిగిన పరిశోధనలో ఆ ఒక్క డోసుతో ఇన్‌ఫెక్షన్లు 3.28 శాతం నుంచి 0.63 శాతానికి తగ్గాయి. తేడా అంత స్పష్టంగా ఉండటంతో పరిశోధనని మధ్యలోనే ఆపేశారు. ఆపరేషన్ తర్వాత వారాల తరబడి మాత్రలు మింగడం వల్ల మాత్రం లాభం ఉన్నట్టు రుజువు లేదు. యాంటీబయాటిక్ నింపిన ఒక జల్లెడ సంచిలో బ్యాటరీని పెట్టే పద్ధతి ఉంది. 2019లో ప్రచురించిన వ్రాప్-ఇట్ పరిశోధనలో దానివల్ల ఏడాదిలో పెద్ద ఇన్‌ఫెక్షన్లు 1.2 నుంచి 0.7 శాతానికి తగ్గాయి. మీ నాన్నగారిలాంటి వాళ్లకే అది ఎక్కువ ఉపయోగం, దొరుకుతుందేమో అడగండి. గాయం మానేదాకా పసుపు, ఆకు పసరు, కొబ్బరినూనె ఏవీ పెట్టొద్దు. ప్రేమతోనే పెడతారు, కానీ మానని గాయం మీద అవి చెరుపే చేస్తాయి. పన్ను పీకించుకోవాలంటే ముందు మందు వాడాలా అని చాలామంది అడుగుతారు. కేవలం పేస్‌మేకర్ ఉన్నందుకు అక్కర్లేదు. కృత్రిమ కవాటం కూడా ఉంటే అది వేరే సంగతి.

బయల్దేరేలోపు చిల్లు మీద శుభ్రమైన పొడి గాజుగుడ్డ పెట్టి టేపు వేయండి, రోజూ మార్చండి, నొక్కి చీము తీయకండి. బ్లడ్ థిన్నర్ వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి. ఈలోపు చలితో జ్వరం వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, మనిషి మగతగా ఉన్నా అనుకున్న తేదీ కోసం చూడొద్దు. అర్ధరాత్రయినా సరే, కార్డియాలజీ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, చెప్పే మొదటి మాటే "పేస్‌మేకర్ ఇన్‌ఫెక్షన్ ఉంది, మందు ఇచ్చే ముందు బ్లడ్ కల్చర్ తీయండి" అని చెప్పండి.